గుర్తున్నంత వరకే అనుభవం

2016లో గుంటూరు యార్డులో క్వింటాలు మిర్చి పదివేల రూపాయలు దాటి పలికింది. ఆ వానాకాలంలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మిర్చి తోటలు ఒక్కసారిగా పెరిగాయి. 2017 ఏప్రిల్‌లో ఆ కాయంతా కల్లాల నుంచి యార్డులకు చేరేసరికి ధర మూడు నాలుగు వేలకు దిగింది. తాలు కాయనైతే అడిగే నాథుడే లేడు. ఏప్రిల్ 28న ఖమ్మంలో రైతుల కడుపు మండి, మార్కెట్ కార్యాలయం ధ్వంసమైంది. మే మొదట్లో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించింది. అదే నెలలో, అరెస్టయిన రైతులను బేడీలతో కోర్టుకు తీసుకురావడం పెద్ద దుమారం రేపింది.

ఇలాంటప్పుడు పట్నంలో వినిపించే మాట ఒకటుంది: రైతులు నిరుటి ధర చూసి ఈ ఏడు విత్తనం కొంటారు, వాళ్లకు అంతకుముందు సంగతి గుర్తుండదు. ఆ మాటలో నిజం ఉంది, తలపొగరూ ఉంది. నిజం ఎంతంటే, గత ధర ఈ ఏటి సాగును, ఈ ఏటి సాగు రాబోయే ధరను తారుమారు చేసే ఈ చక్రానికి 1934లో ఆర్థికవేత్త నికొలస్ కాల్డోర్ సాలెగూడు అని పేరు పెట్టాడు. 1938లో మోర్డెకై ఎజెకియల్ దాన్నొక సిద్ధాంతంగా విస్తరించాడు. అప్పట్లో వాళ్ల ముందున్న ఉదాహరణల్లో అమెరికా, ఐరోపాల్లో పందుల పెంపకం ముఖ్యమైనది. ఇక తలపొగరు సంగతి. అదే 2016లో తెలంగాణ ప్రభుత్వం పత్తి తగ్గించి కంది వేయమని రైతులకు చెప్పింది. అంతకు ముందటేడు కందిపప్పు కిలో 200 రూపాయల దాకా వెళ్లిన సంగతి సర్కారుకూ గుర్తుంది మరి. 2017 మొదట్లో కంది ధర మద్దతు ధరైన 5,050 కన్నా కిందికి జారింది. దశాబ్దాల ధరల పట్టికలు చేతిలో ఉన్న అధికారులూ, చేతిలో ఏమీ లేని కౌలు రైతూ ఒకే పొరపాటు చేశారంటే, దాన్ని చదువులేమికి అంటగట్టడం కుదరదు.

అనుభవం మనిషికి పాఠం చెబుతుందని అందరూ ఒప్పుకుంటారు. గతమంతా నిర్ణయం దగ్గరికి రాదన్నదే చిక్కు. వచ్చేది కొద్ది ముక్కలే. ఏ ముక్కలు వస్తాయి, వాటిని ఎవరు ఏరుతారు, రానివాటి గతేమిటి? నూరేళ్లకు పైగా మనస్తత్వవేత్తలు, నాడీ శాస్త్రజ్ఞులు, ఈ మధ్యకాలంలో ఆర్థికవేత్తలు వేర్వేరు దారుల్లో ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు. వాళ్లు ఒకరి పని ఒకరు చదివింది తక్కువ.

మొదటి ఆశ్చర్యం 1911 నాటిది. జెనీవాలో ఎడువార్ క్లపరేద్ అనే వైద్యుడి దగ్గర జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒక రోగి ఉండేది. రోజూ చూసే డాక్టరును కూడా ఆమె గుర్తుపట్టలేదు. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమెకు కరచాలనం ఇచ్చాడు. ఆ తర్వాత చెయ్యి చాపితే ఆమె తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎందుకని అడిగితే, ఒక్కోసారి మనుషుల చేతుల్లో సూదులు దాగి ఉంటాయి కదా అన్నట్టు ఏదో చెప్పింది తప్ప జరిగింది చెప్పలేకపోయింది. సంఘటన పోయింది, జాగ్రత్త మిగిలింది. ఈ రోజుల్లో ఏ నైతిక సంఘమూ అనుమతించని ప్రయోగం అది.

1953లో మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేస్తూ విలియం స్కోవిల్ అనే సర్జన్ హెన్రీ మొలైసన్ మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్‌తో సహా కొంత భాగం తీసేశాడు. మొలైసన్‌కు కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. 2008లో చనిపోయేదాకా ఆయన ఎందరో పరిశోధకులకు సహకరించాడు, ఏ ఒక్కరినీ గుర్తుంచుకోలేదు. అయినా బ్రెండా మిల్నర్ ఇచ్చిన పనిలో, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో, రోజురోజుకూ మెరుగయ్యాడు. ప్రతి రోజూ అది తనకు కొత్త పనే అనుకున్నాడు. 1996లో నోల్టన్, మాంగెల్స్, స్క్వైర్ దీనికి రెండో సగం చూపించారు. బొమ్మల కార్డులు చూసి వానో ఎండో ఊహించే ఆట పెట్టారు. ఏ కార్డూ కచ్చితమైన జవాబు చెప్పదు, పదేపదే ఆడగా ఒక అలవాటు చిక్కుతుంది. మతిమరుపు రోగులు ఆట ఆడినట్టే గుర్తులేకపోయినా దాన్ని నేర్చుకున్నారు. పార్కిన్సన్స్ రోగులకు ఆట బాగా గుర్తుంది, నేర్చుకోవడమే రాలేదు. అంటే గతం మనల్ని నడిపించే దారులు కనీసం రెండు: ఒకటి చెప్పుకోగలిగేది, రెండోది చెప్పకుండానే చెయ్యి పట్టుకుని లాగేది.

ఈ రెండో దారి ఎలా పనిచేస్తుందో ఇప్పుడు బాగానే తెలుసు. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మెదళ్లలో డోపమైన్ కణాలను గమనించాడు. అనుకోకుండా పళ్లరసం చుక్క పడితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు వచ్చే సంకేతానికి కోతి అలవాటు పడ్డాక స్పందన సంకేతానికి మారింది, రసానికి పోయింది. సంకేతం వచ్చి రసం రాకపోతే ఆ క్షణంలో కణాల చురుకు తగ్గింది. 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటేగ్ కలిసి దీన్ని ఒక లెక్కగా చెప్పారు: మెదడు కొలిచేది బహుమతిని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను. ఆ తేడాను బట్టి పాత అంచనాను కొంచెం కొంచెం సవరిస్తుంది. ఇక్కడ గతం సంఘటనలుగా ఉండదు, ఒక్కో పనికి కట్టిన ఒక్క విలువగా కుదించుకుపోతుంది. ఆ లెక్కలో తాజా అనుభవానిదే పెద్ద బరువు, పాతవి మెల్లగా కరిగిపోతాయి. నిరుటి మిర్చి ధర పదేళ్ల సగటును మింగేయడం ఈ లెక్క ప్రకారం వింతేమీ కాదు.

ఇదే కాలంలో అయోవాలో ఆంటోనియో డమాసియో బృందం చేసిన పేకాట ప్రయోగం ఎక్కువ పేరు తెచ్చుకుంది. 1994లో ఆంత్వాన్ బెషారా, డమాసియో తదితరులు నాలుగు పేక కట్టలు ముందు పెట్టారు. రెండు కట్టల్లో ముక్క తీసినప్పుడల్లా 100 డాలర్లు వస్తాయి, మధ్యమధ్య పడే జరిమానాలు పెద్దవి. పది ముక్కలకు 250 డాలర్ల నష్టం తేలుతుంది. మిగతా రెండింటిలో వచ్చేది 50 డాలర్లే, జరిమానాలు చిన్నవి. పది ముక్కలకు 250 లాభం. మామూలు మనుషులు కొంతసేపటికి చిన్న లాభాల కట్టలకు మళ్లారు. నుదురు వెనక, కళ్లకు పైభాగంలో మెదడు దెబ్బతిన్నవాళ్లు నష్టాల కట్టలు వదల్లేదు. 1997లో అదే బృందం ఇంకో మాట చెప్పింది. ఏ కట్ట చెడ్డదో నోటితో చెప్పలేని దశలోనే, దాని మీద చెయ్యి వేయబోయే ముందు మామూలు మనుషుల అరచేతుల్లో చెమట పెరుగుతోందట. పాత నష్టం ఒంటికి గుర్తుంటుందని, అది బుద్ధికన్నా ముందు హెచ్చరిస్తుందని డమాసియో వాదన. వినడానికి ఎంత బాగుందో! పత్రికలు దాన్ని ఎగరేసుకుపోయాయి. 2004లో టియాగో మాయా, జేమ్స్ మెక్‌క్లెలాండ్ అదే ఆటలో ఆటగాళ్లను ఇంకాస్త వివరంగా ప్రశ్నించారు. వాళ్లకు ఏ కట్ట మంచిదో చాలా ముందే తెలుసని తేలింది. అరచేతి చెమట రహస్యమేమీ చెప్పడం లేదు. 2009లో గుప్తా తదితరులు చూపించినదాని ప్రకారం, హిప్పోక్యాంపస్ దెబ్బతిని సంఘటనలు గుర్తుండనివాళ్లు ఈ ఆటలో మంచి కట్టల మీద మక్కువ పెంచుకోలేకపోయారు. ‘మనసు చెప్పింది విను’ అనే సలహాల పుస్తకాలు కొన్ని ఈ ప్రయోగాన్నే ఆసరా చేసుకున్నాయి. అవి ఈ రెండో భాగాన్ని చదివినట్టు లేవు.

హిప్పోక్యాంపస్ మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. గతాన్ని దాచిపెట్టే ఈ భాగం భవిష్యత్తు పనిలోనూ ఉందని గత ఇరవై ఏళ్లలో గట్టిగా రుజువైంది. కూడలి దగ్గర ఎలుక ఆగి అటూ ఇటూ తల తిప్పడం 1930లలోనే ఎడ్వర్డ్ టోల్మన్ లాంటివాళ్లు గమనించారు. ఆ తటపటాయింపులో లోపల ఏం జరుగుతోందో 2007లో జాన్సన్, రెడిష్ చూశారు. ఎలుక కదలకుండా నిలబడి ఉన్నా, దాని హిప్పోక్యాంపస్‌లో స్థలాలను గుర్తించే కణాలు ముందు ఒక దారి వెంట, తర్వాత రెండో దారి వెంట వరసగా మెరిశాయి. ఎలుక నిలబడ్డచోటే రెండు దారులూ నడిచి చూసుకుంటోందన్నమాట. అదే ఏడాది డెమిస్ హసాబిస్, ఎలియనార్ మగ్వైర్ బృందం మతిమరుపు రోగులను కొత్త దృశ్యాలు ఊహించమంది, ఉదాహరణకు ఒక సముద్రతీరంలో నిలబడినట్టు. వాళ్లు చెప్పినవి ముక్కలు ముక్కలుగా, అతుకు లేకుండా ఉన్నాయి. గతం పోయినవాళ్లకు రేపు కూడా సరిగా కట్టుకోవడం రాలేదు. (ఈ హసాబిసే తర్వాత డీప్‌మైండ్ సంస్థ స్థాపకుల్లో ఒకడై, 2024లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్నాడు.)

అయితే ఊహకు ముడిసరుకుగా ఏ గతం వస్తుంది? 2017లో ఆరన్ బోర్న్‌స్టైన్, ఖా, షోహమీ, డా చేసిన ప్రయోగం చిన్నది, నాకు మాత్రం చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. జూదపు యంత్రాల్లో ఒకదాన్ని ఎంచుకునే ఆటలో ప్రతి పందేనికి ఒక ప్రత్యేకమైన బొమ్మ జత చేశారు. కొంతసేపయ్యాక, ఎప్పుడో జరిగిన ఒకానొక పందెం తాలూకు బొమ్మను మధ్యలో మళ్లీ చూపించారు. ఆ పాత పందెంలో గెలిచారా ఓడారా అన్నదాన్ని బట్టి తర్వాతి ఎంపిక ఒరిగింది. నిర్ణయ సమయంలో సగటే కాదు, గుర్తుకొచ్చిన ఒక్క సంఘటన కూడా ఓటు వేస్తుంది. ఏది గుర్తుకొస్తుందో మన చేతిలో లేదు. ఎదురుగా ఉన్న బొమ్మ, వాసన, పక్కన కూర్చున్న మనిషి దాన్ని నిర్ణయిస్తాయి. కల్లుకొట్టు దగ్గర మాట్లాడుకున్న పంట వేయడం, పెళ్లిలో బావమరిది చెప్పిన చోట స్థలం కొనడం మనవాళ్లకు తెలియని సంగతులు కావు.

గుర్తుకొచ్చిన సంఘటన కూడా జరిగినట్టు గుర్తుకు రాదు. 1993లో కానెమన్, ఫ్రెడ్రిక్సన్, ష్రైబర్, రెడెల్‌మైయర్ మనుషుల చేతులను చల్లటి నీళ్లలో పెట్టించారు. ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో నిమిషం. ఇంకోసారి అదే 14 డిగ్రీల్లో నిమిషం, ఆపైన నీళ్లను మెల్లగా 15 డిగ్రీలకు తెస్తూ మరో అర నిమిషం. మూడోసారికి ఏది కావాలో మీరే ఎంచుకోండి అంటే మూడింట రెండు వంతులకు పైగా జనం పొడవాటిదాన్నే కోరారు. బాధ ఎక్కువసేపు పడ్డారు, ముగింపు కాస్త మెత్తగా ఉంది, అంతే. ఈ ఫలితం ఆసుపత్రికి కూడా చేరింది. పెద్దపేగు పరీక్ష చేయించుకున్న 682 మందిలో సగం మందికి పరీక్ష చివర్లో గొట్టాన్ని కదపకుండా కొద్దిసేపు అలాగే ఉంచారు. పరీక్ష నిడివి పెరిగింది, తర్వాత అడిగితే వాళ్లు గుర్తుచేసుకున్న బాధ తగ్గింది. ఆ వివరాలు 2003లో అచ్చయ్యాయి. అనుభవం ఎంతసేపు సాగిందన్నది జ్ఞాపకంలో దాదాపు లెక్కకు రాదు. శిఖరమూ చివరా నిలుస్తాయి.

రోజులు, వారాలు సాగే అనుభవాల్లో ఈ సూత్రం అంత శుభ్రంగా పనిచేయదన్న విమర్శ ఉంది, సబబైనదే. కానీ దాని నడుము విరగలేదు. 2003లోనే విర్ట్జ్ తదితరులు సెలవుల విహారానికి వెళ్లిన విద్యార్థులను ప్రయాణంలో ఉండగానే అడిగారు, తిరిగొచ్చాకా అడిగారు. మళ్లీ అలాంటి విహారానికి వెళ్లాలనిపిస్తుందా అన్నది, అక్కడ ఉన్నప్పుడు ఎంత ఆనందించారన్నదాన్ని బట్టి తేలలేదు. ఎంత ఆనందించినట్టు గుర్తుందన్నదాన్ని బట్టి తేలింది. రద్దీ, క్యూలు, కాళ్లనొప్పులు, తిండి తిప్పలు అన్నీ పడి తిరిగొచ్చిన తిరుమల యాత్ర నెల తిరక్కుండానే మళ్లీ వెళ్లాల్సిన యాత్ర ఎలా అవుతుందో ఇది కొంత చెబుతుంది. అంతా చెబుతుందని భక్తుల ఎదుట నేననను.

అయితే అనుభవాన్ని నమ్మకూడదా? ఈ ప్రశ్న మీద రెండు శిబిరాలు చాలాకాలం కత్తులు దూసుకున్నాయి. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 1980లలో అగ్నిమాపక దళాల అధికారులతో మాట్లాడాడు. మంటల ముందు నిలబడినప్పుడు వాళ్లు రెండు మార్గాలు పోల్చి చూడరు. ఎన్నో మంటల జ్ఞాపకంలోంచి ఇది ఆ రకం మంట అని పోల్చుకుంటారు, తట్టిన మొదటి పని చేస్తారు, చాలాసార్లు అదే సరైనది. కానెమన్ జీవితమంతా అలాంటి తక్షణ నమ్మకాల్లో పొరపాట్లు ఏరాడు. 2009లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాసి, విభేదించడంలో విఫలమయ్యామని సరదాగా దానికి ఉపశీర్షిక పెట్టారు. వాళ్ల ఒప్పందం రెండు షరతుల మీద నిలిచింది. పరిస్థితుల్లో ఒక క్రమం ఉండాలి. చేసిన పనికి ఫలితం త్వరగా, స్పష్టంగా తిరిగి రావాలి. మంటల్లో, చదరంగంలో, నవజాత శిశువుల వార్డులో ఈ రెండూ ఉంటాయి. షేర్ల ధరల్లో, రాజకీయ జోస్యాల్లో ఉండవు.

ఈ గీటురాయి మీద పంట ధరను పెట్టి చూడండి. ఫలితం ఏడాదికి ఒక్కసారి వస్తుంది. జీవితమంతా సేద్యం చేసినవాడికి దక్కేది నలభై పంటల అనుభవం. నలభై చేతుల ఆటలో ఏ పేకాటగాడూ నిపుణుడు కాలేడు. పైగా ప్రతి ఏడూ వానలు వేరు, చైనా కొనుగోళ్లు వేరు, పురుగు వేరు. అందరూ నిరుటి ధరనే నమ్మితే ఆ పొరపాటును ముందే ఊహించి ఎదురు పంట వేసేవాడు లాభపడాలి కదా అని 1961లో ఆర్థికవేత్త జాన్ ముత్ అడిగాడు. ఊళ్లలో అలాంటివాళ్లూ ఉంటారు, అందరూ వేసిన పంట మనం వేయకూడదనే పెద్దరైతులు. వాళ్లకు సొంత భూమి ఉంటుంది, ఒక ఏడు తప్పినా నిలదొక్కుకునే స్తోమత ఉంటుంది. కౌలు కట్టాల్సినవాడు, ఎరువుల దుకాణంలో అప్పున్నవాడు జ్ఞాపకంతో కాదు, గడువుతో నిర్ణయిస్తాడు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం విత్తడానికి ముందే ధరల అంచనాలు ప్రకటిస్తుంటుంది. ఉపయోగమైన పనే. కానీ ఆ అంచనాను అందరూ నమ్మి అదే పంట వేస్తే అంచనా తలకిందులవుతుంది, ముత్ ప్రశ్న తిరిగి గడపలోకి వస్తుంది.

రోజూ జరిగేవాటి సంగతి ఇలా ఉంటే, అరుదుగా వచ్చే ఉపద్రవాల దగ్గర జ్ఞాపకం ఇంకా చిత్రంగా ప్రవర్తిస్తుంది. ఇక్కడ పరిశోధన రెండు నోళ్లతో మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మాని కార్లెక్కారు. ఆ పన్నెండు నెలల్లో దానివల్ల రోడ్ల మీద అదనంగా 1,500 మంది దాకా చనిపోయారని గెర్డ్ గిగరెంజర్ అంచనా కట్టాడు. అంటే అరుదైన ప్రమాదాన్ని మనిషి భూతద్దంలో చూస్తాడు. 2004లో హెర్ట్‌విగ్, బ్యారన్, వెబర్, ఎరెవ్ ఇందుకు విరుద్ధమైనది చూపించారు. అంకెలు కాగితం మీద రాసిస్తే జనం అరుదైన ఫలితానికి ఎక్కువ బరువిచ్చారు. అవే అంకెలను చెప్పకుండా, రెండు బొత్తాలు నొక్కుతూ స్వయంగా తెలుసుకోమంటే తక్కువ బరువిచ్చారు. కారణం సులభం: కొద్దిసార్లే నొక్కి చూస్తారు, ఆ కొద్దిలో అరుదైనది అసలు పడకపోవచ్చు. పడనిది గుర్తుండదు, గుర్తులేనిది లెక్కలోకి రాదు. పడినవాడికి అదే ప్రపంచం.

కోస్తా తీరానికి ఈ రెండూ తెలుసు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం దాదాపు ఐదు మీటర్ల ఎత్తున లోపలికి వచ్చింది. సొర్లగొంది, హంసలదీవి లాంటి ఊళ్లు కొట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్క పదివేల మంది దాకా, జనం లెక్క అంతకు చాలా ఎక్కువ. తుపాను వస్తోందన్న మాట ముందే ఉంది, కానీ తుపానంటే అప్పటిదాకా అక్కడివాళ్లు చూసింది గాలీ వానా. సముద్రమే ఊరి మీదికి వస్తుందని నమ్మడానికి బతికున్నవాళ్ల అనుభవంలో ఆధారం లేదు. 1864లో బందరును ముంచిన ఉప్పెన పుస్తకాల్లో ఉంది, మనుషుల్లో లేదు. 1990 మేలో మరో పెద్ద తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆరు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి కదిలారు, మృతులు వెయ్యి లోపు. హెచ్చరికల వ్యవస్థ, తుపాను షెల్టర్లు, కదిలిన యంత్రాంగం అందుకు కారణాలు. కానీ బయల్దేరమంటే జనం బయల్దేరారు కదా. పదమూడేళ్ల కిందటిది వాళ్ల ఒళ్లు మరిచిపోలేదు.

ఇదే జ్ఞాపకం అడ్డం తిరిగే సందర్భమూ ఉంది. 1962లో వరద మైదానాల్లో నివసించేవాళ్లను పరిశీలించిన రాబర్ట్ కేట్స్, వాళ్లు తమ అనుభవానికే ఖైదీలన్నాడు. చూసినంత వరద వస్తుందని నమ్ముతారు, అంతకు మించి రాగలదని నమ్మరు. 1969లో మిసిసిపీ తీరాన్ని కమీల్ తుపాను ఊడ్చేసింది. 2005లో కత్రినా వస్తోందన్నప్పుడు, కమీల్‌కే నిలబడిన ఇల్లిది అని కదలనివాళ్లు కదలలేదు. కత్రినా తెచ్చిన ఉప్పెన అంతకన్నా పెద్దది. బతికి బయటపడ్డ జ్ఞాపకం ధైర్యమిస్తుంది, ఆ ధైర్యమే కొంతమందికి ఉరి అయింది. జ్ఞాపకం ఎంతకాలం పనిచేస్తుందో కూడా కొలిచారు. అమెరికాలో వరద వచ్చాక వరద బీమా తీసుకునేవాళ్లు 9 శాతం పెరిగారని, తొమ్మిదేళ్లలో ఆ పెరుగుదల మెల్లగా కరిగి మళ్లీ మొదటికొచ్చిందని జస్టిన్ గాలగర్ 2014లో చూపించాడు. వరద ప్రమాదం ఆ తొమ్మిదేళ్లలో మారలేదు, మారింది జ్ఞాపకం. దివిసీమలో ఆనాటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడుతున్నారు.

ఇంతవరకూ చెప్పినవన్నీ జ్ఞాపకం తాలూకు లోపాలు: తాజాదాన్ని పట్టుకోవడం, శిఖరాన్ని పట్టుకోవడం, చూడనిదాన్ని వదిలేయడం. నా దృష్టిలో వీటన్నిటికన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. అది జ్ఞాపకం సరిగ్గా ఉన్నా వస్తుంది.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలుగు పిల్లలందరూ విన్నదే. రాయలవారు పిల్లిని సాకమని పాలకోసం ఆవును కూడా ఇస్తే, రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తే పారిపోయింది, ఆవు పాలన్నీ ఇంటివాళ్లు తాగారు. పొయ్యి మీద కూర్చుని కాలిన పిల్లి చల్లటి పొయ్యి మీదా కూర్చోదని మార్క్ ట్వైన్ 1897లో ఇదే సంగతి రాశాడు. ఆ మాట పట్టుకుని 2001లో జెర్కర్ డెన్‌రెల్, జేమ్స్ మార్చ్ ఒక గణితమే అల్లారు. అందులో మెలిక ఇది. మొదటి అనుభవం పొరపాటున మంచిదైతే మళ్లీ వెళతాం, మళ్లీ చూస్తాం, అంచనా సరిదిద్దుకుంటాం. మొదటి అనుభవం పొరపాటున చెడ్డదైతే మళ్లీ వెళ్లం. వెళ్లనిచోట కొత్త సమాచారం రాదు. అందువల్ల మంచి జ్ఞాపకంలోని తప్పు తనంతట తానే దిద్దుకుంటుంది, చెడు జ్ఞాపకంలోని తప్పు రాయిలా గట్టిపడుతుంది. మతిమరుపు లేదు, పక్షపాతం లేదు, అయినా అనుభవం మనిషిని అవసరమైనదానికన్నా పిరికివాణ్ని చేస్తుంది. రామకృష్ణుడి పిల్లికి పాలు చల్లారిన సంగతి తెలిసే దారే లేదు.

ఫాజియో, ఐజర్, షుక్ 2004లో దీన్ని ప్రయోగశాలలో చూశారు. కంప్యూటర్ తెర మీది లోకంలో రకరకాల గింజలుంటాయి, కొన్ని తింటే శక్తి, కొన్ని తింటే నష్టం. తినకపోతే అది మంచిదో చెడ్డదో తెలియదు. చెడ్డ గింజలను జనం బాగా నేర్చుకున్నారు. మంచి గింజల్లో చాలావాటిని చెడ్డవని అపోహపడి ముట్టుకోక, ఆ అపోహలోనే ఆట ముగించారు.

ఆసుపత్రుల్లో ఇది ప్రాణాల లెక్క. గుండె లయ తప్పినవాళ్లకు పక్షవాతం రాకుండా రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ ఇస్తారు. ఆ మందుతో రక్తస్రావం ముప్పు ఉంది. కెనడాలోని ఒంటారియోలో చౌధరి తదితరులు 2006లో చూపించినది ఇది: తన రోగికి వార్ఫరిన్ వల్ల తీవ్ర రక్తస్రావమైతే, ఆ డాక్టరు తర్వాతి రోగులకు ఆ మందు రాసే అవకాశం ఐదో వంతు దాకా తగ్గింది. మందు ఇవ్వకపోవడం వల్ల రోగికి పక్షవాతం వస్తే మాత్రం మందు రాసే తీరు మారలేదు. చేసి చెడిన పని గుచ్చుకుంటుంది, చేయక చెడినది గుచ్చుకోదు. కాన్పుల గదిలోనూ ఇలాంటిదే మనస్విని సింగ్ 2021లో చూపించింది. ముందు కాన్పు ఒక పద్ధతిలో చిక్కుల్లో పడితే డాక్టరు తర్వాతి తల్లికి రెండో పద్ధతివైపు మొగ్గుతారు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దానికి ఈ జ్ఞాపకం మీద నెపం వేయడానికి మాత్రం వీల్లేదు. ఆసుపత్రి బిల్లులు, ముహూర్తాలు ముందు సమాధానం చెప్పాలి.

డబ్బు దగ్గర ఈ గాయం తరాలపాటు ఉంటుంది. ఉల్రికే మాల్మెండియర్, స్టెఫాన్ నాగెల్ 1960 నుంచి 2007 దాకా అమెరికా కుటుంబాల సర్వేలు తిరగేశారు. జీవితంలో షేర్ మార్కెట్ బాగా పడిన కాలాలు చూసినవాళ్లు షేర్ల జోలికి తక్కువ వెళ్లారు. 1930ల మాంద్యం చూసిన తరం ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ. పుస్తకంలో చదివిన పతనాలు అంత పని చేయలేదు. మన దగ్గర ఫైనాన్స్ కంపెనీలో డిపాజిట్ మునిగిన ఇంట్లో బ్యాంకు వడ్డీ కూడా అనుమానపు వస్తువే, బంగారమొక్కటే దేవుడు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జ్ఞాపకమూ ప్రతి తెలుగు కుటుంబంలో ఒకటుంది: మాదాపూర్‌లో గజం వందల్లో ఉన్నప్పుడు తాతగారు కొనని స్థలం. కొన్నా కోర్టు కేసుల్లో పడి ఉండేదేమో, ఎవరికీ తెలియదు. జరగనిది కాబట్టి దానికి ఏ నష్టమూ అంటదు. ఆ స్థలం చూపించి కొడుకులు, మనవలు ఎన్ని అప్పులు చేసి ఎన్ని ప్లాట్లు కొన్నారో లెక్క తీసినవాళ్లు లేరు.

చెడు జ్ఞాపకం తనకు తాను తాళం వేసుకుంటే ఆ తాళం తీసేది బయటివాళ్ల అనుభవమే కావాలి. దీని మీద ఆశపెట్టుకోదగ్గ ఆధారం ఘనాలో దొరికింది. వానలు తప్పితే డబ్బిచ్చే బీమాను అక్కడ రైతులకు అమ్మి కార్లాన్, ఉద్రి తదితరులు ఏళ్ల తరబడి గమనించారు, ఫలితాలు 2014లో వచ్చాయి. మన పాత పాలమూరు జిల్లాలో 2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు కలిసి మొదలుపెట్టిన వాన బీమా కూడా ఈ జాతిదే. ఘనాలో తనకు పరిహారం అందిన రైతు మరుసటి ఏడు బీమా ఎక్కువగా కొన్నాడు. అది ఊహించినదే. తనకు రాకపోయినా, తను ఎరిగినవాళ్లకు వస్తే కూడా కొన్నాడు. పక్కవాడి అనుభవం సొంత అనుభవంలా పనిచేసింది.

ఇక్కడా ఒక వడపోత ఉంది. బీమా డబ్బు వచ్చినవాడు రచ్చబండ మీద చెబుతాడు. ప్రీమియం కట్టి, వాన బాగా కురిసి, ఏమీ రాకుండా హాయిగా పంట ఇంటికి తెచ్చుకున్నవాడు ఏం చెబుతాడు? డబ్బు దండగైందంటాడు. బీమా అసలు పని చేసిన ఏడాది అదే కావచ్చు. ధైర్యంగా కొత్త విత్తనం వేయగలిగింది దానివల్లే కావచ్చు. కానీ ఏమీ జరగకపోవడం ఎవరి నోటా కథగా రాదు.